సున్నా డిగ్రీల రాత్రి: జావాస్క్రిప్ట్ గణిత ఫంక్షన్లు మాకు నేర్పిన పాఠాలు

రాత్రి రెండు గంటలకు మా వ్యవస్థ గడ్డకట్టే చలి హెచ్చరిక పంపింది. అది నడి వేసవి. కేంద్రంలో డ్యూటీలో ఉన్నాయన ఫోన్ చేసి, "ఏమండీ, ఇక్కడ ఉక్కపోతకు చొక్కా తడిసిపోతోంది. మీ డ్యాష్‌బోర్డేమో కనిష్ఠం 0 డిగ్రీలంటోంది. ఎవరి మాట నమ్మమంటారు?" అని అడిగారు. ఆయన మాటే నమ్మమని చెప్పి ఫోన్ పెట్టేశాను. తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

ముందు వ్యవస్థ గురించి నాలుగు మాటలు. ప్రతి వాతావరణ కేంద్రంలోని సెన్సర్లు పది సెకన్లకు ఒకసారి ఉష్ణోగ్రత, గాలి దిశ, గాలి వేగం నమోదు చేస్తాయి. అక్కడే ఉన్న చిన్న గేట్‌వేలో (రీడింగులను పోగుచేసి పైకి పంపే పెట్టెలో) నోడ్ ప్రోగ్రాము, అంటే బ్రౌజర్ బయట నడిచే జావాస్క్రిప్ట్ ప్రోగ్రాము, ఒకటి నడుస్తుంది. అది గంటకోసారి కనిష్ఠం, గరిష్ఠం, సగటు లెక్కకట్టి జేసన్ అనే పాఠ్య రూపంలో పైకి పంపుతుంది. బ్రౌజర్‌లోని డ్యాష్‌బోర్డు ఆ గంటల అంకెలతో రోజు, వారం, నెల లెక్కలు వేస్తుంది. హెచ్చరికల సేవ కూడా డ్యాష్‌బోర్డు కోడునే వాడుకుంటుంది. పొద్దున వెళ్ళే ముద్రిత నివేదికను మాత్రం పైథాన్ తయారుచేస్తుంది. అంటే ఒకే అంకె మూడు చోట్ల మూడు చేతులు మారుతుంది. గొడవల్లో సగం ఇక్కడే పుట్టాయి.

ఇంకో మాట. ఈ వ్యాసంలో ఫంక్షన్ల పేర్లను పలికినట్టే రాస్తున్నాను. జావాస్క్రిప్ట్ గణిత ఫంక్షన్లన్నీ మ్యాథ్ అన్న పేరు కింద ఉంటాయి. కోడులో టైపు చేసేటప్పుడు ఆ పదంలో మొదటి అక్షరం పెద్దదిగా ఉండాలి. మ్యాథ్ అనేది కొత్త ఆబ్జెక్టులు తయారుచేసే కన్‌స్ట్రక్టర్ కాదు, దాని ముందు న్యూ పెడితే ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్‌ను గుర్తుంచుకోండి, ఎందుకంటే ఇక ముందు ఎర్రర్లు దాదాపు కనిపించవు. మ్యాథ్ ఫంక్షన్లకు బిగ్‌ఇంటో సింబలో అనే ప్రత్యేక రకాల విలువలు ఇస్తే తప్ప అవి నోరు విప్పి ఫిర్యాదు చేయవు. ఏమిచ్చినా దాన్ని సంఖ్యగా మార్చుకుని ఏదో ఒక జవాబు చేతిలో పెడతాయి. మా కష్టాలన్నిటికీ మూలం ఈ మర్యాదే.

సున్నా ఎక్కడి నుంచి వచ్చింది

ఆ రోజు గంటల వారీ కనిష్ఠాలను తెరిచి చూశాను. 28.1, 27.4, తర్వాత నల్ ("విలువ లేదు" అని చెప్పే గుర్తు), తర్వాత 26.9. సున్నా ఎక్కడా లేదు. బ్రౌజర్ కన్సోల్‌లో మ్యాథ్.మిన్(28.1, 27.4, నల్, 26.9) అని కొట్టాను. జవాబు 0.

నల్‌ను సంఖ్యగా మారిస్తే సున్నా అవుతుంది. విలువే పెట్టని చోట ఉండే అన్‌డిఫైన్డ్‌ను మారిస్తే నాన్, అంటే "సంఖ్య కాదు" అనే విలువ వస్తుంది. ఒక్క నాన్ కలిసినా మిన్, మ్యాక్స్‌ల జవాబు మొత్తం నాన్ అవుతుంది, అది తెరమీద వికారంగా కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు. నల్, ఖాళీ స్ట్రింగ్ మాత్రం పెద్దమనుషుల్లా సున్నా వేషం వేసుకుని వచ్చి కూర్చుంటాయి.

సరే, గేట్‌వే నల్ ఎందుకు పంపింది? గేట్‌వే కోడంతా వెతికాను. నల్ అన్న మాట ఎక్కడా లేదు. ఇక్కడ నాకు ఒక పూట పట్టింది.

రాత్రి ఒంటిగంట నుంచి రెండు దాకా ఆ కేంద్రంలో సెన్సర్ తీగ వదులై ఒక్క రీడింగు కూడా రాలేదు. కాబట్టి ఆ గంట రీడింగుల అర్రే, అంటే జాబితా, ఖాళీ. ఖాళీ అర్రేను విప్పి మ్యాథ్.మిన్‌కు ఇస్తే అది ఆర్గ్యుమెంట్లు, అంటే లోపలికిచ్చే విలువలు, లేకుండా పిలిచినట్టే. అప్పుడు అది ఇన్ఫినిటీ ఇస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళు నవ్వుతారు గానీ లెక్క ప్రకారం అదే సరి. కనిష్ఠం వెతకడం ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? ఏ సంఖ్య వచ్చినా దానికన్నా చిన్నదయ్యే చోటు నుంచి. ఎదురు ఏ సంఖ్యా రాకపోతే మొదలుపెట్టిన చోటే మిగులుతుంది. అదే తర్కంతో మ్యాథ్.మ్యాక్స్ ఖాళీగా పిలిస్తే రుణ ఇన్ఫినిటీ ఇస్తుంది.

ఆ ఇన్ఫినిటీ, విలువలను జేసన్‌గా రాసే జేసన్.స్ట్రింగిఫై చేతిలో పడింది. జేసన్‌లో ఇన్ఫినిటీకీ నాన్‌కూ చోటు లేదు. స్ట్రింగిఫై ఎర్రర్ ఇవ్వదు, రెండిటినీ నల్‌గా రాసి పంపేస్తుంది. అవతలి ఒడ్డున ఆ నల్‌ను మ్యాథ్.మిన్ సున్నాగా చదివింది. ఖాళీ గంట అనంతమైంది, అనంతం శూన్యమైంది, శూన్యం సున్నా డిగ్రీలైంది. మధ్యలో ఉన్న మూడు ఫంక్షన్లూ తమ నిబంధనల ప్రకారం తప్పు చేయలేదు.

ఇది అన్నాళ్ళూ ఎందుకు బయటపడలేదంటే, వ్యవస్థను మొదలుపెట్టింది చలికాలంలో. కనిష్ఠం ఎలాగూ సున్నా కిందే ఉండే రోజుల్లో దొంగ సున్నా నెగ్గదు. రెండు, మూడు డిగ్రీల రోజుల్లో నెగ్గినా ఎవరికీ అనుమానం రాదు. వేసవి వచ్చాక సెన్సర్లు ఒక్కటీ మొరాయించకుండా కొన్ని వారాలు గడిచాయి. అలా ఆ తీగ వదులయ్యే రాత్రి దాకా ఆగింది.

దిద్దుబాటు సులువనుకున్నాను. మిన్‌కు ఇచ్చే ముందు, ఇచ్చింది పరిమిత సంఖ్యేనా అని చెప్పే ఈజ్‌ఫైనైట్‌తో వడకట్టాను, టెస్ట్ నడిపాను, మళ్ళీ సున్నా. ఒక నిమిషం పాటు కంప్యూటర్ మీదే అనుమానం వచ్చింది. విషయం ఏమిటంటే ఈజ్‌ఫైనైట్ పేరుతో జావాస్క్రిప్ట్‌లో రెండు ఉన్నాయి. పాతది, విడిగా పిలిచేది, ముందు సంఖ్యగా మార్చుకుని తర్వాత పరీక్షిస్తుంది, కాబట్టి నల్‌కు కూడా ట్రూ అంటుంది. నంబర్.ఈజ్‌ఫైనైట్ అలా మార్చదు, నల్‌కు ఫాల్స్ అంటుంది. మాకు కావలసింది రెండోది. ఇప్పుడు మా సొంత కనిష్ఠం ఫంక్షన్ ముందు నంబర్.ఈజ్‌ఫైనైట్‌తో వడకడుతుంది. ఏమీ మిగలకపోతే కావాలనే నల్ ఇస్తుంది. తెరమీద ఆ చోట "రీడింగు లేదు" అని వస్తుంది. గేట్‌వేలోనూ అదే ఫంక్షన్ పెట్టాం.

-3 ఒకచోట, -4 మరోచోట

ఈ తనిఖీ మొదలయ్యాక మిగతా ఫిర్యాదులు కూడా డ్రాయర్ నుంచి బయటికి తీశాం. అందులో పాతది, తెరమీది సగటు, ముద్రిత నివేదికలోని సగటు కలవడం లేదన్నది. రోజువారీ సగటును మేము కనిష్ఠ, గరిష్ఠాలను పూర్ణ డిగ్రీలకు సవరించి, కలిపి, రెండుతో భాగించి తీసేవాళ్ళం. పూర్ణ సంఖ్యలు రెంటిని కలిపి సగం చేస్తే, ఒకటి సరి, రెండోది బేసి అయినప్పుడల్లా చివర సరిగ్గా .5 వస్తుంది. అంటే సరిగ్గా సగం దగ్గర ఎటు సవరించాలన్న ప్రశ్న మాకు ఎప్పుడో ఒకసారి కాదు, రోజూ ఎదురయ్యేదే.

కనిష్ఠం -9, గరిష్ఠం 2 అనుకోండి. సగటు -3.5. మ్యాథ్.రౌండ్ -3 ఇస్తుంది. పైథాన్ రౌండ్ -4 ఇస్తుంది. జావాస్క్రిప్ట్ సూత్రం, సగం దగ్గరికి వస్తే ఎప్పుడూ ధనాత్మక దిశకే, అంటే సంఖ్యారేఖ మీద కుడివైపుకే జరగాలి. అందుకే 2.5 కు 3, -2.5 కు -2. పైథాన్ దగ్గరలోని సరిసంఖ్యకు పోతుంది. 2.5 కు 2, 3.5 కు 4, -3.5 కు -4. ఇక పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో న్యూమరిక్ రకం సున్నాకు దూరంగా జరుగుతుంది, -2.5 కు -3. బడిలో మనం నేర్చుకున్నది ఈ మూడోదానికి దగ్గర. మూడూ సరైనవే, మూడింటికీ వాదించేవాళ్ళున్నారు. ఒకే ఇంట్లో మూడూ ఉండటమే తప్పు.

మేము సున్నాకు దూరంగా జరిగే పద్ధతి ఎంచుకున్నాం. నివేదిక చదివేవాళ్ళు చేత్తో సరిచూసుకుంటే వాళ్ళ లెక్కకు కలవాలన్నదే కారణం. మ్యాథ్.యాబ్స్‌తో గుర్తు తీసేసి, మ్యాథ్.రౌండ్ చేసి, మ్యాథ్.సైన్‌తో గుణించి గుర్తు తిరిగి అతికిస్తాం. పైథాన్ వైపు డెసిమల్ మాడ్యూల్‌లో అదే పద్ధతి పెట్టాం.

అది పెట్టిన రోజే తెరమీద "-0" ప్రత్యక్షమైంది. -0.4 ను సవరిస్తే ఇదే వస్తుంది. కంప్యూటర్లలో వాడే ఐఈఈఈ 754 సంఖ్యల్లో గుర్తుకు విడిగా ఒక బిట్ ఉంటుంది, కాబట్టి సున్నాకు కూడా రుణ గుర్తు అతుక్కుంటుంది. మా కొత్త ఫంక్షన్ పాపమేమీ లేదు, వట్టి మ్యాథ్.రౌండ్ కూడా -0.4 కు రుణ సున్నానే ఇస్తుంది. పోల్చి చూస్తే -0, 0 సమానమే. మామూలుగా స్ట్రింగ్‌గా మారిస్తే కూడా "0" అనే వస్తుంది. ఇంటల్.నంబర్‌ఫార్మాట్ మాత్రం ఆ గుర్తును నిజాయితీగా చూపిస్తుంది. అదే వారంలో మేము ఫార్మాటింగ్‌ను దానికి మార్చాం, అందుకే అప్పుడే కనిపించింది. మందు చిన్నది: చివర 0 కలపడం. -0 కు 0 కలిపితే మామూలు సున్నా అవుతుంది. ఆ లైన్ పక్కన కామెంట్ రాయకపోతే, పనికిరాని కూడికని ఎవరో ఒకరు తప్పక తీసేస్తారు. మా దగ్గర ఒకసారి తీసేశారు కూడా.

దశాంశ స్థానం ఉన్నచోట ఇంకో చిక్కు. ఒకే తెరమీద, చార్టులో 2.6, దాని కింద పట్టికలో 2.5. రెండిటి మూలం 2.55. చార్టు రాసినవాళ్ళు పదితో గుణించి రౌండ్ చేసి పదితో భాగించారు. పట్టిక రాసినవాళ్ళు, అడిగినన్ని దశాంశాలతో సంఖ్యను రాసిచ్చే టుఫిక్స్‌డ్ వాడారు. 2.55 ను ద్విసంఖ్యామానంలో కచ్చితంగా నిల్వ చేయలేం, లోపల ఉండేది 2.5499999999999998 కు దగ్గరి సంఖ్య. టుఫిక్స్‌డ్ ఆ లోపలి సంఖ్యను చూసి కిందికి దించింది. పదితో గుణించినప్పుడు మాత్రం ఆ పిసరంత లోటు సవరణలో మాయమై సరిగ్గా 25.5 వచ్చింది, రౌండ్ దాన్ని పైకి ఎత్తింది. పోనీ గుణించడమే మేలా అంటే అదీ కాదు. 1.005 ను వందతో గుణిస్తే 100.49999999999999 వస్తుంది, అక్కడ గుణకారమే దెబ్బతీస్తుంది. సెన్సర్లు పదో వంతు డిగ్రీల్లోనే కొలుస్తాయి కాబట్టి మేము రీడింగులను పదో వంతుల పూర్ణ సంఖ్యలుగా, అంటే 25.4 ను 254 గా, నిల్వ చేయడం మొదలుపెట్టాం. తెరమీదికి వచ్చేటప్పుడు ఒక్కసారే భాగిస్తాం.

మధ్యమధ్యలో సవరించడం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి మా బృందంలో ఒక పాత ఉదాహరణ చెప్పుకుంటాం. వాంకూవర్ స్టాక్ ఎక్స్‌చేంజ్ 1982 జనవరిలో ఒక సూచీని 1000 దగ్గర మొదలుపెట్టింది. ప్రతి లావాదేవీ తర్వాత దాన్ని తిరిగి లెక్కకట్టి, మూడు దశాంశాల తర్వాత ఉన్నదాన్ని సవరించకుండా కత్తిరించేవారు. 1983 నవంబరు నాటికి సూచీ 524.811 కు జారింది. సరిగ్గా లెక్కిస్తే అది 1098.892. మా గంటల సగటులను కూడా పంపేముందే సవరించేవాళ్ళం. ఇప్పుడు మొత్తాన్నీ, రీడింగుల సంఖ్యనూ విడివిడిగా పంపిస్తున్నాం, భాగహారం చివర్లో ఒక్కసారే.

సున్నా దగ్గర స్తంభం

కత్తిరింపు మా దగ్గరా ఉంది. ఏ డిగ్రీ దగ్గర ఎన్ని రీడింగులు వచ్చాయో చూపే స్తంభాల చార్టులో, చలికాలం నెలల్లో సున్నా దగ్గర ఒక స్తంభం పక్కవాటికి రెట్టింపు ఎత్తున లేచేది. మంచు కరిగేటప్పుడు ఉష్ణోగ్రత సున్నా దగ్గర నిలబడుతుంది కాబట్టి అలా వస్తుందని మాలో ఒకరు చక్కని వివరణ కూడా ఇచ్చారు. నేనూ తల ఊపాను.

కోడులో ఉన్నది నిలువు గీత సున్నా చిట్కా. ఏ సంఖ్యకైనా బిట్ ఆర్ గుర్తుతో సున్నా జోడిస్తే దశాంశం రాలిపోతుంది. మ్యాథ్.ట్రంక్ 2015 ప్రమాణంతో గానీ రాలేదు, అంతకుముందు నుంచి రాస్తున్నవాళ్ళకు ఈ చిట్కా అలవాటు. రెండూ చేసేది సున్నా వైపు కత్తిరించడమే. 0.9 సున్నా అవుతుంది, -0.9 కూడా సున్నానే అవుతుంది. మిగతా స్తంభాలన్నీ ఒక్కో డిగ్రీ వెడల్పు, సున్నా స్తంభం మాత్రం -1 నుంచి 1 దాకా రెండు డిగ్రీలు. ఎత్తు రెట్టింపు కాక ఏమవుతుంది? మ్యాథ్.ఫ్లోర్ ఎప్పుడూ కిందికే దిగుతుంది, -0.9 కు -1 ఇస్తుంది. ఫ్లోర్ పెట్టగానే స్తంభం కూలింది, దాంతోపాటు మంచు కరిగే సిద్ధాంతమూ కూలింది. పైగా ఆ బిట్ చిట్కా 32 బిట్లలోనే పనిచేస్తుంది. 3000000000 కు వాడితే -1294967296 వస్తుంది. మిల్లీసెకన్లలో ఉండే సమయానికి దాన్ని వాడిన చోటు ఇంకోటి దొరికింది, దాని కథ ఇక్కడ చెప్పను.

అరిచి చెప్పిన తప్పు ఒకే ఒక్కటి. రోజు చార్టు వచ్చేది, వారం వచ్చేది, నెల చార్టు నొక్కితే తెర తెల్లబోయేది. ఈ చార్టులు గంటల అంకెలను కాక అసలు రీడింగులనే తీసుకునేవి. పది సెకన్లకో రీడింగు చొప్పున రోజుకు 8,640, ముప్పై రోజులకు 2,59,200. వాటన్నిటినీ మూడు చుక్కలతో విప్పి మ్యాథ్.మ్యాక్స్‌కు ఇస్తే ప్రతి రీడింగూ ఒక ఆర్గ్యుమెంట్ అవుతుంది. ఇంజన్ స్టాక్ (ఫంక్షన్ పిలుపులకు కేటాయించిన మెమరీ) అన్నిటిని మోయలేక రేంజ్ ఎర్రర్ ఇచ్చింది. మామూలు ఫర్ లూప్ రాశాం. పది నిమిషాల పని. ఎర్రర్ ఇచ్చినందుకు దానికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఉత్తరపు గాలిని దక్షిణానికి తిప్పిన సగటు

గాలి దిశను డిగ్రీల్లో కొలుస్తారు. ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. ఒక రీడింగు 350, ఇంకోటి 10 అయితే రెండూ ఉత్తరానికి పది డిగ్రీల అటూ ఇటూ. మామూలు సగటు 180, అంటే సరిగ్గా దక్షిణం. ఉత్తరపు గాలి వీచిన రోజున మా బాణం ఎదురు చూపించేది. ఈ ఫిర్యాదు ఇచ్చినాయన కాగితం మీద బొమ్మ గీసి మరీ పంపారు.

ఇక్కడే మ్యాథ్‌లోని త్రికోణమితి ఫంక్షన్లు అక్కరకొచ్చాయి. ప్రతి దిశనూ ఒక చిన్న బాణంగా తీసుకుని, దాని సైన్ భాగాన్నీ కొసైన్ భాగాన్నీ విడివిడిగా కూడి, ఆ మొత్తాలను మ్యాథ్.ఏటాన్2 కు ఇస్తే మిగిలిన బాణం దిశ వస్తుంది. మ్యాథ్.సైన్ పేరుతో గుర్తు చెప్పే ఫంక్షన్ ఒకటుంది కదా, పలకడానికి ఒకటే అయినా అది వేరు, కోణానిది వేరు, స్పెల్లింగు చూసుకోవాలి. త్రికోణమితి ఫంక్షన్లకు కోణం రేడియన్లలో ఇవ్వాలి. 30 అని నేరుగా ఇస్తే 0.5 రాదు, -0.988 వస్తుంది, అదీ నిశ్శబ్దంగానే. మ్యాథ్.పైతో గుణించి 180 తో భాగించి ఇవ్వాలి. ఏటాన్2 మామూలుగా ముందు వై, తర్వాత ఎక్స్ అడుగుతుంది. దిక్సూచి కోణం ఉత్తరం నుంచి గడియారం తిరిగే వైపు పెరుగుతుంది కాబట్టి ఇక్కడ ముందు సైన్ మొత్తం, తర్వాత కొసైన్ మొత్తం ఇస్తే చాలు.

జవాబు కూడా రేడియన్లలోనే వస్తుంది, దాన్ని డిగ్రీల్లోకి మారిస్తే -180 నుంచి 180 మధ్య ఉంటుంది. 360 తో శేషం తీస్తే సరిపోతుందనుకుంటే పొరపాటు, జావాస్క్రిప్ట్‌లో శేషానికి భాజ్యం గుర్తే వస్తుంది, -10 కు -10 గానే ఉంటుంది. ముందు 360 కలిపి, సవరించి, ఆ తర్వాతే శేషం తీయాలి. సవరణ చివర పెడితే 359.9 లాంటివి తెరమీద 360 గా కనిపిస్తాయి.

అంతా అయిందనుకుని టెస్టులు రాస్తుంటే ఒకటి నన్ను ఆపేసింది. 0, 180, అంటే ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం. సగటు ఎంత రావాలి? రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి, దిశంటూ మిగలకూడదు. మా ఫంక్షన్ 90 అంది. తూర్పు! మ్యాథ్.పై నిజమైన పై కాదు, దానికి దగ్గరి సంఖ్య. అందుకే దాని సైన్ సున్నా కాకుండా 1.2246467991473532ను పది రుణ 16 ఘాతంతో గుణించినంత వస్తుంది. కొసైన్ల మొత్తం సరిగ్గా సున్నా. ఆ కనపడని ధూళి కణం దిశను ఏటాన్2 శ్రద్ధగా లెక్కకట్టి తూర్పు అని చెప్పింది.

కాబట్టి బాణం దిశతో పాటు పొడవు కూడా చూడాలి. రెండు మొత్తాలను మ్యాథ్.హైపాట్‌కు ఇచ్చి, రీడింగుల సంఖ్యతో భాగిస్తే 0 నుంచి 1 మధ్య ఒక విలువ వస్తుంది. 1 కి దగ్గరైతే గాలి నిలకడగా ఒకే వైపు వీచినట్టు, 0 కి దగ్గరైతే అన్ని వైపులా తిరిగినట్టు. మేము 0.2 కన్నా తక్కువైతే బాణం చూపించం, "దిశ నిలకడగా లేదు" అని రాస్తాం. ఆ 0.2 ఏ ప్రమాణంలోనూ లేదు, మా రీడింగులు చూసి మేము పెట్టుకున్నది.

దిద్దుబాట్లను క్షేత్రస్థాయిలో సరిచూడటానికి కేంద్రాలను యాదృచ్ఛికంగా ఎంచుకున్నాం. అక్కడా ఒక పాత పొరపాటు దొరికింది. మ్యాథ్.రాండమ్ 0 నుంచి, 1 ని తాకకుండా సంఖ్య ఇస్తుంది. దాన్ని చివరి స్థానసంఖ్యతో గుణించి రౌండ్ చేశారు. అలా చేస్తే జాబితాలో మొదటి కేంద్రానికీ చివరిదానికీ మిగతావాటిలో సగం అవకాశమే. కేంద్రాల సంఖ్యతో గుణించి ఫ్లోర్ చేయాలి. అన్నట్టు, తీగ వదులైన ఆ కేంద్రం జాబితాలో చివరిది.

ఇక మిగిలింది పాత రికార్డు. గంటల కనిష్ఠాలు నల్‌గానే నిల్వ ఉన్నాయి కాబట్టి చాలా రోజులను తిరిగి లెక్కకట్టగలిగాం. మొదటి చలికాలంలో కొన్ని వారాలు మాత్రం గంటల వివరాలు నిల్వ చేయలేదు, రోజు మొత్తం కనిష్ఠం ఒక్కటే ఉంచాం. ఆ వారాల్లో 0 అని ఉన్న రోజుల్లో ఏది నిజమైన చలో, ఏది తెగిన తీగో చెప్పే ఆధారం లేదు. వాటిని చెరిపేయడానికి మనసొప్పలేదు. చార్టులో వాటిని బూడిదరంగులో చూపిస్తున్నాం, నెల సగటులో కలపడం లేదు.